ఎక్సర్‌సైజ్ సైన్స్ బీఎస్ రివ్యూ: ల్యాబు బంగారం, ప్లాను అతుకుల బొంత

అమెరికా యూనివర్సిటీల్లో దీన్ని ఒకచోట ఎక్సర్‌సైజ్ సైన్స్ అంటారు, ఇంకోచోట కినీసియాలజీ, మరోచోట హ్యూమన్ పెర్ఫార్మెన్స్. బోర్డు ఏదైనా లోపలి సరుకు దాదాపు ఒకటే. నాలుగేళ్లు, 120 క్రెడిట్లు, బీఎస్ పట్టా. ఫ్రిస్కోలోనో ఎడిసన్‌లోనో ఉన్న తెలుగు ఇళ్లలో "మెడిసిన్ కాకపోతే మరేంటి?" అన్న చర్చ వచ్చినప్పుడు ఈ పేరు తప్పక వినిపిస్తుంది. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో బీపీటీ (ఫిజియోథెరపీ డిగ్రీ) పూర్తిచేసినవాళ్లకు ఇదే సబ్జెక్టు ఎంఎస్ రూపంలో ఎదురవుతుంది. ఈ రివ్యూలో ఎక్కువ భాగం బీఎస్ గురించే. ఎంఎస్ సంగతి చివర్లో ఉంది, బీపీటీవాళ్లు నేరుగా అక్కడికి వెళ్లిపోవచ్చు.

తీర్పు ముందే చెప్పేస్తాం. చదువుగా దీనికి అయిదులో నాలుగు నక్షత్రాలు. ఫిజికల్ థెరపీ లాంటి ప్రొఫెషనల్ స్కూల్‌కు నిచ్చెనగా చూస్తే, మెట్లు మీరే ఎంచి బిగించుకున్నప్పుడు నాలుగు, కేటలాగ్‌లో "ప్రీ-హెల్త్ ట్రాక్" అని రాసి ఉందని దాన్నే నమ్ముకుంటే రెండు. పట్టా చేతబట్టుకుని నేరుగా ఉద్యోగంలో చేరదామనుకుంటే ఆ రెండు కూడా ఎక్కువే.

మన దగ్గరి లెక్కతో చూసేవాళ్లు మొదట తడబడేది ఒకచోట. ఆంధ్ర, తెలంగాణల్లో ఇంటర్ బైపీసీ తర్వాత బీపీటీలో చేరితే, కోర్సు, ఇంటర్న్‌షిప్ అయ్యాక బయటికొచ్చేది ఫిజియోథెరపిస్టే. అమెరికాలో ఎక్సర్‌సైజ్ సైన్స్ పట్టా ఎవరినీ థెరపిస్టును చేయదు. దాని మీద ఇంకో మూడేళ్ల డాక్టర్ ఆఫ్ ఫిజికల్ థెరపీ, అంటే డీపీటీ, చేయాలి. 2016 నుంచి అక్కడ, ఈ కోర్సులకు గుర్తింపునిచ్చే సంస్థ క్యాప్టే గుర్తింపు ఉన్న ఫిజికల్ థెరపిస్టు కోర్సులన్నీ డాక్టరేట్ స్థాయివే. కాబట్టి మీరు కొంటున్నది మొత్తం ప్రయాణానికి టికెట్టు అనుకోవద్దు. ఇది సగం దూరం వరకే. మిగతా సగానికి వేరే కౌంటర్ దగ్గర, వేరే నిబంధనలతో మళ్లీ క్యూలో నిలబడాలి.

ల్యాబ్: డబ్బుకు తగ్గ సరుకు ఇక్కడుంది

బయాలజీ మేజర్ తీసుకున్న కుర్రాడు నాలుగేళ్లలో వందల స్లైడ్లు చూస్తాడు గానీ బతికున్న మనిషి మీద చెయ్యి వేసి కొలవడు. ఇక్కడ ఆ పని తొందరగా మొదలవుతుంది. తోటి విద్యార్థి మోకాలి మీద, కీలు కోణాన్ని కొలిచే గోనియోమీటర్ పెట్టాలి. దాని ఇరుసు మోకాలి బయటివైపు ఎముక బుడిపె మీద, కదలని చెయ్యి తుంటి పక్కన తగిలే గ్రేటర్ ట్రోకాంటర్ వైపు, కదిలే చెయ్యి చీలమండ బయటి బుడిపె వైపు ఉండాలి. చదివితే రెండు వాక్యాలు. చేతిలోకి తీసుకుంటే ఆ బుడిపెలు వెతకడానికే మొదటి వారం సరిపోతుంది. ఇరుసు కాస్త పక్కకు జరిగినా కొలత కొన్ని డిగ్రీలు తప్పుతుంది. కొవ్వు మడతలు కొలిచే కాలిపర్ కూడా అంతే. కుడివైపే కొలవాలి, మొనలు వేళ్లకు సెంటీమీటరు దూరంలో ఉండాలి, పట్టిన మడత వదలకుండానే ఒకటి రెండు సెకన్లలో అంకె చూసేయాలి. తాపీగా చూస్తే కొవ్వు నొక్కుకుపోయి అంకె తగ్గుతుంది, మనిషి కాగితం మీద ఉచితంగా సన్నబడతాడు.

అసలు పరీక్ష మూడో ఏడాది ఎక్సర్‌సైజ్ ఫిజియాలజీ ల్యాబ్‌లో. ఊపిరిని బట్టి ఆక్సిజన్ వాడకం కొలిచే మెటబాలిక్ కార్ట్ అనే యంత్రాన్ని ముందు అరగంట వేడెక్కనిస్తారు. 3 లీటర్ల సిరంజితో గాలి ప్రవాహాన్ని, 16 శాతం ఆక్సిజన్, 4 శాతం కార్బన్ డయాక్సైడ్ ఉన్న సిలిండర్‌తో గ్యాస్ సెన్సర్లను సరిచూస్తారు. గదిలోని గాలికి ఆక్సిజన్ 20.93 శాతం దగ్గర చూపించాలి. ఆ తర్వాత ట్రెడ్‌మిల్ మీద బ్రూస్ ప్రోటోకాల్. ప్రతి 3 నిమిషాలకూ వేగం, ఎత్తు (వాలు) రెండూ పెరుగుతాయి. మొదటి దశలో గంటకు 1.7 మైళ్లు, 10 శాతం ఎత్తు. రెండో దశలో 2.5 మైళ్లు, 12 శాతం. మూడో దశలో 3.4 మైళ్లు, 14 శాతం.

ఇక్కడ తప్పులు జరిగే చోట్లు కొన్నే, కానీ ప్రతి బ్యాచ్‌లోనూ అవే. ముక్కు దగ్గర మాస్కు వదులైతే వదిలిన గాలి పక్కనుంచి జారిపోయి ఆక్సిజన్ వాడకం తక్కువగా నమోదవుతుంది. పరుగెత్తేవాళ్లు ముందున్న కడ్డీని గట్టిగా పట్టుకుంటే కాళ్ల మీద బరువు తగ్గి ఎక్కువ సేపు నిలబడతారు. నిలబడిన సమయాన్ని బట్టి అంచనా కట్టే సూత్రం అప్పుడు వాళ్లకు లేని ఫిట్‌నెస్‌ను అంటగడుతుంది. వదిలిన కార్బన్ డయాక్సైడ్‌కూ వాడిన ఆక్సిజన్‌కూ ఉండే నిష్పత్తి 1.10 దాటకముందే ఆపేసి దాన్ని గరిష్ఠం అని రాసేయడం మరో అలవాటు. ఈసీజీ వైర్లలో వీ1, వీ2 నాలుగో పక్కటెముకల సందులో ఉండాల్సింది రెండో సందులో అంటించడం ఎంత మామూలంటే, సరిగ్గా పెట్టినవాళ్లను చూస్తే ముచ్చటేస్తుంది. పరిగెత్తే మనిషి చేతికి పట్టీ చుట్టి బీపీ వినడం వీటన్నిటికంటే కష్టం. శ్రమ పెరుగుతున్నా సిస్టోలిక్ (బీపీలో పై అంకె) 10 పాయింట్లు పడిపోయిందంటే పరీక్ష ఆపాలా అని ఆలోచించాల్సిన గుర్తుల్లో అదొకటి. ఆ శబ్దాన్ని ట్రెడ్‌మిల్ మోత మధ్య పట్టుకోగలిగిన విద్యార్థి తర్వాత ఏ క్లినిక్‌లోనూ బెదరడు.

లెక్కల సంగతి ఒక్కటి దగ్గరగా చూద్దాం, ఎందుకంటే ఈ కోర్సులో మార్కులు పోయేది ఇక్కడే. ట్రెడ్‌మిల్ మీద నడకకు ఆక్సిజన్ ఖర్చు అంచనా వేసే అమెరికన్ కాలేజ్ ఆఫ్ స్పోర్ట్స్ మెడిసిన్ సూత్రంలో మూడు ముక్కలుంటాయి. వేగానికి 0.1 రెట్లు, వేగాన్ని ఎత్తుతో గుణించి దానికి 1.8 రెట్లు, ఊరికే నిలబడ్డా అయ్యే 3.5. మూడూ కలపాలి. బ్రూస్ మొదటి దశ తీసుకోండి. 1.7ను 26.8తో గుణిస్తే నిమిషానికి 45.6 మీటర్లు. మొదటి ముక్క 4.56. రెండో ముక్క 1.8, 45.6, 0.10 గుణకారం, అంటే 8.2. మూడోది 3.5. మొత్తం కిలో బరువుకు నిమిషానికి దాదాపు 16.3 మిల్లీలీటర్లు. 3.5తో భాగిస్తే 4.6 మెట్‌లు, అంటే ఊరికే ఉన్నప్పటి ఖర్చుకు 4.6 రెట్లు. మైళ్లను మీటర్లలోకి మార్చకుండా 1.7నే వేసేస్తే జవాబు 4 దగ్గర ఆగుతుంది, అంటే కొండెక్కుతున్న మనిషి కుర్చీలో కూర్చున్నట్టు. 10 శాతాన్ని 0.10 అనకుండా 10 అని వేస్తే 800 దాటుతుంది. రేసు గుర్రానికి కూడా అంత ఉండదు. జవాబు రాగానే "ఇది మనిషికి సాధ్యమా?" అని ఆగి చూసే అలవాటు ఈ ల్యాబ్ నేర్పే అసలు విద్య. మందు మోతాదు లెక్కల్లోనూ అదే పనికొస్తుంది.

అయితే ల్యాబ్ నాణ్యత కాలేజీని బట్టి ఆకాశానికీ భూమికీ ఉన్నంత తేడాగా ఉంటుంది. ఓపెన్ హౌస్‌కు వెళ్లినప్పుడు యంత్రాలు ఎన్ని ఉన్నాయని అడగొద్దు, అద్దాల గదిలో అవి మెరుస్తూనే కనిపిస్తాయి. ఒక్కో విద్యార్థి సెమిస్టర్‌లో కార్ట్‌ను ఎన్నిసార్లు స్వయంగా కాలిబ్రేట్ చేస్తాడో అడగండి. ఒక్కో ల్యాబ్ సెక్షన్‌లో 24 మంది ఉండి కార్ట్ ఒకటే ఉంటే, ఇద్దరు పనిచేస్తారు, మిగిలినవాళ్లు నోట్‌బుక్‌లో అంకెలు ఎక్కించుకుంటారు. అనాటమీ ల్యాబ్‌లో ఏం చూపిస్తారో కూడా అడగాలి. మానవ దేహాన్ని విద్యార్థులే కోసి చూసే ల్యాబ్, ముందే కోసిపెట్టిన భాగాలు చూపించే ల్యాబ్, తెర మీద త్రీడీ బొమ్మ తిప్పే ల్యాబ్, మూడూ ట్రాన్‌స్క్రిప్ట్‌లో ఒకే పేరుతో, ఒకే 4 క్రెడిట్లుగా కనిపిస్తాయి. డీపీటీ మొదటి సెమిస్టర్‌లో అనాటమీ మీద పడ్డప్పుడు ఆ తేడా బయటపడుతుంది.

ప్లాను: కంతలు ఎక్కడెక్కడున్నాయి

ఇప్పుడు అసలు ఫిర్యాదు. డిగ్రీ పూర్తి చేయడానికి కావాల్సిన కోర్సులు ఒక జాబితా. డీపీటీకి దరఖాస్తు చేయడానికి కావాల్సినవి ఇంకో జాబితా. ఈ రెండూ ఒకటేనని చాలామంది కుటుంబాలు అనుకుంటాయి. ఒకటి కావు.

డీపీటీ స్కూళ్లు సాధారణంగా అడిగేవి ఇవి: ల్యాబ్‌తో అనాటమీ-ఫిజియాలజీ రెండు సెమిస్టర్లు, ల్యాబ్‌తో కెమిస్ట్రీ రెండు, ల్యాబ్‌తో ఫిజిక్స్ రెండు, బయాలజీ ఒకటి రెండు, స్టాటిస్టిక్స్ ఒకటి, సైకాలజీ ఒకటి రెండు. అన్నీ కలిపి 40 క్రెడిట్ల చుట్టుపక్కల. ఎక్సర్‌సైజ్ సైన్స్ ప్లాన్‌లో అనాటమీ-ఫిజియాలజీ, స్టాటిస్టిక్స్, ఒక సైకాలజీ ఎలాగూ ఉంటాయి. కెమిస్ట్రీ చాలాచోట్ల ఒక సెమిస్టర్‌తో ఆగుతుంది. ఫిజిక్స్ ఒకటే ఉంటుంది, లేదా ఉండనే ఉండదు. "బయోమెకానిక్స్ చదివాం కదా, అందులో టార్క్, లీవర్ అన్నీ ఉన్నాయిగా" అంటే ఒప్పుకోరు. బయోమెకానిక్స్ ఫిజిక్స్‌కు బదులు కాదు. అలాగే ఎక్సర్‌సైజ్ ఫిజియాలజీని హ్యూమన్ ఫిజియాలజీకి బదులుగా చాలా స్కూళ్లు తీసుకోవు.

కోర్సు పేరులో దాగిన చిక్కులు ఇంకొన్ని ఉన్నాయి. హెల్త్ స్టూడెంట్ల కోసమని తేలిక చేసిన కెమిస్ట్రీ, సైన్స్ మేజర్ల కెమిస్ట్రీ రెండూ ఒకే కాలేజీలో ఉంటాయి. నర్సింగ్‌కు మొదటిది చాలు, డీపీటీకి చాలాచోట్ల రెండోదే కావాలి. ఫిజిక్స్ మాత్రం ఆల్జీబ్రా ఆధారితమైతే సాధారణంగా సరిపోతుంది, కాలిక్యులస్‌తో కుస్తీ పట్టనక్కర్లేదు. ఆన్‌లైన్ ల్యాబ్‌ల విషయంలో ఒక్కో స్కూల్‌ది ఒక్కో మాట. పాత కోర్సులకు గడువు కూడా ఉంటుంది. ఐదేళ్లని కొందరు, పదేళ్లని కొందరు పెడతారు. మధ్యలో ఉద్యోగం చేసి వచ్చేవాళ్లకు ఇది గుదిబండే.

మన పిల్లలకు ప్రత్యేకంగా తగిలే దెబ్బ ఏపీ క్రెడిట్లు, అంటే హైస్కూల్లోనే రాసే కాలేజీ స్థాయి అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ పరీక్షలతో వచ్చేవి. హైస్కూల్లో ఏపీ బయాలజీలో 5, ఏపీ కెమిస్ట్రీలో 5 తెచ్చుకుని, యూనివర్సిటీ ఆ కోర్సులు మాఫీ చేయగానే ఇంట్లో అందరూ సంబరపడతారు, ఒక సెమిస్టర్ ఫీజు మిగిలిందని. సైన్స్ ప్రీరిక్విజిట్లకు (ముందే చదివి ఉండాల్సిన కోర్సులకు) ఏపీ క్రెడిట్ ఒప్పుకోని డీపీటీ స్కూళ్లు చాలానే ఉన్నాయి. కొన్ని ఒప్పుకుంటాయి గానీ అదే సబ్జెక్టులో పై స్థాయి కోర్సు ఇంకొకటి చేయమంటాయి. ఏపీ సైకాలజీ, ఏపీ స్టాటిస్టిక్స్‌తో అంత గొడవ ఉండదు. కెమిస్ట్రీ, బయాలజీ, ఫిజిక్స్ మాత్రం యూనివర్సిటీలో మళ్లీ చదవడమే మంచిది. తెలిసిన పాఠమే కాబట్టి 'ఏ' గ్రేడ్ తెచ్చుకోవడమూ తేలికే, జీపీఏకు బలం.

జీపీఏ అన్నాం కాబట్టి గ్రేడ్ రీప్లేస్‌మెంట్ గురించి చెప్పాలి. తప్పిన కోర్సు మళ్లీ చదివితే చాలా యూనివర్సిటీలు పాత గ్రేడ్ తీసేసి కొత్తది లెక్కిస్తాయి. డీపీటీ దరఖాస్తులు తీసుకునే పీటీకాస్ అలా చేయదు. చదివిన ప్రతిసారీ వచ్చిన గ్రేడ్‌ను లెక్కలో కలుపుతుంది. 4 క్రెడిట్ల అనాటమీలో మొదట డీ, తర్వాత ఏ వచ్చిందనుకోండి. యూనివర్సిటీ కాగితం మీద ఆ కోర్సు 4.0. పీటీకాస్ లెక్కలో 1.0, 4.0 కలిపి సగటు 2.5. చాలా స్కూళ్లలో కనీసం 3.0 అని రాసి ఉంటుంది గానీ, సీటు దొరికినవాళ్ల జీపీఏ 3.5 దాటి ఉండటమే ఎక్కువ. అందుకే మొదటిసారి కోర్సు చేయి జారుతోందని తెలిసినప్పుడు, గడువులోగా డబ్ల్యూతో (విత్‌డ్రాయల్) తప్పుకోవడం డీ కంటే నయం. ఒకటి రెండు డబ్ల్యూలు ఎవరూ పట్టించుకోరు, ప్రతి సెమిస్టర్‌లో ఒకటుంటే అడుగుతారు.

మరి ప్లాన్ ఎలా వేసుకోవాలి? మొదటి సెమిస్టర్‌లోనే, చేరాలనుకునే 8 డీపీటీ స్కూళ్ల పేర్లు ఒక స్ప్రెడ్‌షీట్‌లో నిలువుగా, పైన చెప్పిన కోర్సులు అడ్డంగా రాసుకోండి. ప్రతి గడిలో ఎన్ని క్రెడిట్లు, ల్యాబ్ కావాలా, ఏపీ ఒప్పుకుంటారా, గడువెంత అన్నవి వాళ్ల వెబ్‌సైట్ చూసి నింపండి. రెండు గంటల పని. ఎవరి నిబంధన కఠినంగా ఉందో దాని ప్రకారం చదివితే మిగిలిన ఏడూ వాటంతటవే సరిపోతాయి. వరుస కూడా ముఖ్యమే. పీటీకాస్ ప్రతి ఏడూ జూన్‌లో తెరుచుకుంటుంది. చాలా స్కూళ్లు వచ్చిన దరఖాస్తులను వచ్చినట్టే చూసి సీట్లు ఇస్తూ పోతాయి. అంటే మూడో ఏడాది పూర్తయిన వేసవికి పెద్ద కోర్సుల గ్రేడ్లు చేతిలో ఉండాలి. మొదటి ఏడాది బయాలజీ, కెమిస్ట్రీ. రెండో ఏడాది అనాటమీ-ఫిజియాలజీ, స్టాటిస్టిక్స్. మూడో ఏడాది ఫిజిక్స్‌తో పాటు బయోమెకానిక్స్, ఎక్సర్‌సైజ్ ఫిజియాలజీ. ఫిజిక్స్, బయోమెకానిక్స్ పక్కపక్కనే చదివితే ఒకదానికొకటి సాయం చేస్తాయి. అనాటమీ, కెమిస్ట్రీలను ఒకే సెమిస్టర్‌లో ఇరికించడం మాత్రం కొరివితో తల గోక్కోవడమే.

క్లినిక్‌లో చూసిన గంటల సంగతి కొంత. కొన్ని స్కూళ్లు అసలు అడగవు, కొన్ని వంద గంటలు అడుగుతాయి. ఆసుపత్రి వార్డులో కొన్ని, బయటి క్లినిక్‌లో కొన్ని అని విడివిడిగా అడిగేవీ ఉన్నాయి. ఆ గంటలకు లైసెన్స్ ఉన్న థెరపిస్టు ధ్రువీకరణ కావాలి. అది ఏ రోజుకారోజు తీసుకోండి. రెండేళ్ల తర్వాత వెతికితే ఆ థెరపిస్టు ఉద్యోగం మారి ఉంటారు.

డీపీటీ కాకుండా వేరే దారులు

ఆక్యుపేషనల్ థెరపీకి ఈ డిగ్రీ బాగానే కుదురుతుంది. కాకపోతే డెవలప్‌మెంటల్, అబ్నార్మల్ సైకాలజీలు, ఒక సోషియాలజీ విడిగా చేర్చుకోవాలి. ఫిజిక్స్ బెడద చాలావరకు ఉండదు.

ఫిజీషియన్ అసిస్టెంట్ వైపు వెళ్లేవాళ్లకు మూడు నక్షత్రాలే. మైక్రోబయాలజీ, బయోకెమిస్ట్రీ, కొన్నిచోట్ల ఆర్గానిక్ కెమిస్ట్రీ అదనం. అంతకంటే పెద్ద అడ్డంకి రోగులతో పనిచేసిన గంటలు, చాలా స్కూళ్లు వందల్లో కొన్ని వేలల్లో అడుగుతాయి. జిమ్‌లో పర్సనల్ ట్రైనర్‌గా చేసిన గంటలు ఎక్కువచోట్ల లెక్కలోకి రావు. ఫిజియో క్లినిక్‌లో సహాయకుడిగా చేసినవి ఒకరు తీసుకుంటారు, ఒకరు తీసుకోరు. అంబులెన్స్‌లో ఈఎంటీగానో, నర్సింగ్ అసిస్టెంట్‌గానో చేసినవి నిక్కమైనవి. ఈ దరఖాస్తులు తీసుకునే కాస్పా కూడా పీటీకాస్ లాగే పాత గ్రేడ్లన్నీ కలిపే లెక్కిస్తుందని గుర్తుంచుకోండి.

అమెరికాలో డాక్టరయ్యే చదువు ఎండీ లక్ష్యమైతే మేజర్ ఏదైనా పర్లేదని మెడికల్ స్కూళ్లే చెబుతాయి. అది నిజమే గానీ ఆర్గానిక్ కెమిస్ట్రీ రెండు సెమిస్టర్లు, బయోకెమిస్ట్రీ, రెండు ఫిజిక్స్‌లు ఈ ప్లాన్ బయట నుంచి తెచ్చి అతికించాలి. ఖాళీ క్రెడిట్లన్నీ అక్కడే అయిపోతాయి. మెడికల్ ప్రవేశ పరీక్ష ఎంక్యాట్‌కు చదవాల్సిన వేసవిలో అతుకులు కుడుతూ కూర్చోవాల్సి వస్తుంది. పట్టుదల ఉంటే చేయొచ్చు. బయోకెమిస్ట్రీ మేజర్ తీసుకుంటే ఇంత తిప్పలుండదు.

అథ్లెటిక్ ట్రైనర్ కావాలంటే ఒకప్పుడు బీఎస్ సరిపోయేది. ఇప్పుడు మాస్టర్స్ తప్పనిసరి, బీఎస్ స్థాయి కోర్సులు కొత్తవాళ్లను చేర్చుకోవడం 2022తో ఆపేశాయి. ఈ మార్పు తెలియని కౌన్సెలర్లు హైస్కూళ్లలో ఇంకా ఉన్నారు.

పట్టాతోనే ఆగిపోతే

ఎక్సర్‌సైజ్ ఫిజియాలజిస్టు అనే ఉద్యోగం ఉంది. గుండె ఆపరేషన్ అయినవాళ్లకు కార్డియాక్ రీహాబ్‌లో వ్యాయామం చేయించేవాళ్లలో వీళ్లే ఎక్కువ. అమెరికా ప్రభుత్వ ఆరోగ్య బీమా మెడికేర్ సాధారణంగా 36 సెషన్ల వరకు డబ్బిస్తుంది కాబట్టి ఆ విభాగాలకు పని ఉంటూనే ఉంటుంది. గౌరవమైన పనే, జీతమే చిన్నది. అమెరికా కార్మిక గణాంకాల శాఖ 2023 లెక్కల్లో ఎక్సర్‌సైజ్ ఫిజియాలజిస్టు మధ్యస్థ వార్షిక జీతం 55 వేల డాలర్ల దగ్గర, ఫిజికల్ థెరపిస్టుది లక్షకు కాస్త దిగువన. పైగా ఈ వృత్తికి రాష్ట్ర లైసెన్స్ ఉన్నది ఒక్క లూసియానాలోనే. లైసెన్స్ లేనిచోట బీమా కంపెనీకి సొంతంగా బిల్లు వేయడం కష్టం, జీతం పెరగకపోవడానికి అదో ముఖ్య కారణం. ఆస్ట్రేలియాలో పరిస్థితి వేరు. అక్కడ నాలుగేళ్ల గుర్తింపు పొందిన కోర్సు, 500 గంటల ప్రాక్టికం పూర్తిచేసి అక్రెడిటెడ్ ఎక్సర్‌సైజ్ ఫిజియాలజిస్టు అయితే, డాక్టర్ రిఫర్ చేసిన దీర్ఘకాలిక రోగులకు ఆ దేశపు మెడికేర్ కిందే సేవ అందించొచ్చు. మెల్‌బోర్న్, సిడ్నీల్లో పిల్లల్ని చదివించే తెలుగువాళ్లు అమెరికా అనుభవాలు విని ఈ డిగ్రీని కొట్టిపారేయాల్సిన పనిలేదు.

సర్టిఫికెట్లలో విలువైనవి రెండే. స్ట్రెంగ్త్ కోచింగ్ వైపు సీఎస్‌సీఎస్ (సర్టిఫైడ్ స్ట్రెంగ్త్ అండ్ కండిషనింగ్ స్పెషలిస్ట్). రెండు భాగాల పరీక్ష, సైన్స్ భాగంలో లెక్కకొచ్చే ప్రశ్నలు 80కి గంటన్నర, ఆచరణ భాగంలో 110కి రెండున్నర గంటలు. వీడియో చూసి బార్‌బెల్ లిఫ్ట్‌లో తప్పు పట్టే ప్రశ్నల దగ్గర పుస్తకాల పురుగులు దొరికిపోతారు. ఇప్పటివరకు ఏ డిగ్రీతోనైనా రాయొచ్చు, 2030 నుంచి అమెరికాలో గుర్తింపు పొందిన సంబంధిత కోర్సు ఉండాలి. క్లినిక్ వైపు, ముందు చెప్పిన అమెరికన్ కాలేజ్ ఆఫ్ స్పోర్ట్స్ మెడిసిన్ (ఏసీఎస్ఎం) వారి క్లినికల్ ఎక్సర్‌సైజ్ ఫిజియాలజిస్టు. దీనికి గంటల లెక్క చూస్తారు, అర్హత నిబంధనలు దరఖాస్తు చేసే ఏడాది మళ్లీ చూసుకోండి. మీ కాలేజీ కోర్సుకు, ఆరోగ్య కోర్సులకు గుర్తింపునిచ్చే క్యాహెప్ సంస్థ గుర్తింపు ఉందో లేదో ముందే కనుక్కుంటే ఈ రెండో దానికి దారి సులువవుతుంది. వారాంతపు జిమ్ సర్టిఫికెట్ల గురించి ఇక్కడ రాయడం కూడా దండగ.

చివరి సెమిస్టర్ ఇంటర్న్‌షిప్ గురించి ఒక అసంతృప్తి. చాలాచోట్ల ఇది 12 క్రెడిట్లు, 400 గంటలకు పైన. జీతం దాదాపు ఉండదు, ఆ క్రెడిట్లకు ఫీజు మాత్రం మీరే కట్టాలి. దానికి తోడు కాలేజీకీ ఆసుపత్రికీ మధ్య ఒప్పందం లేకపోతే కొత్తగా కుదరడానికి నెలలు పడుతుంది. టీబీ పరీక్ష, హెపటైటిస్ బీ టీకాల వరుస, బ్యాక్‌గ్రౌండ్ చెక్, సీపీఆర్ కార్డు ఇవన్నీ ముందు సెమిస్టర్‌లోనే మొదలుపెట్టాలి. హెపటైటిస్ బీ మూడు డోసుల పద్ధతికే ఆరు నెలలు. ఎఫ్-1 (స్టూడెంట్) వీసా మీద ఉన్నవాళ్లు జీతం లేదు కదా అని అనుమతి లేకుండా చేరిపోకూడదు. చదువులో భాగంగా పనిచేసేందుకిచ్చే అనుమతి, సీపీటీ, మంజూరై యూనివర్సిటీ ఇచ్చే కొత్త ఐ-20 పత్రం మీద ముద్రితమయ్యాకే మొదటి రోజు.

ఖర్చు విషయంలో ఒక్క మాట. డీపీటీ మూడేళ్ల ఫీజు లక్ష డాలర్లు దాటడం మామూలే. 2026 జులై 1 నుంచి కొత్తగా అప్పు తీసుకునే గ్రాడ్యుయేట్ విద్యార్థులకు గ్రాడ్ ప్లస్ ఫెడరల్ రుణం లేదు. మిగిలిన ఫెడరల్ రుణాలకు పరిమితులున్నాయి కాబట్టి బీఎస్‌ను సొంత రాష్ట్రంలోని పబ్లిక్ యూనివర్సిటీలో తక్కువ ఫీజుకు పూర్తిచేసి, ఆ డబ్బును డీపీటీకి దాచుకోవడం ఇప్పుడు ఇంకా అవసరం. డీపీటీ స్కూళ్లు బీఎస్ ఎక్కడ చేశారన్నదాని కంటే గ్రేడ్లనే ఎక్కువ చూస్తాయి.

ఎంఎస్: బీపీటీవాళ్లు ఇక్కడ ఆగి చదవండి

బీపీటీ తర్వాత అమెరికాలో ఎక్సర్‌సైజ్ సైన్స్ లేదా కినీసియాలజీ ఎంఎస్ చేస్తే అక్కడ ఫిజియోగా పనిచేయొచ్చని కన్సల్టెన్సీ ఆఫీసుల్లో చెప్పే మాట తప్పు. లైసెన్స్‌కు దారి వేరు. మీ బీపీటీ సిలబస్‌ను అమెరికా ప్రమాణంతో పోల్చి మదింపు చేయించుకోవాలి, తక్కువపడ్డ సబ్జెక్టులు పూర్తిచేయాలి, తర్వాత లైసెన్స్ పరీక్ష ఎన్‌పీటీఈ రాయాలి. ఎంఎస్‌లో చదివిన అడ్వాన్స్‌డ్ ఎక్సర్‌సైజ్ ఫిజియాలజీ ఆ లోటును పూడ్చుతుందనే భరోసా లేదు. లోటు ఉండేది సాధారణంగా ఫిజికల్ థెరపీకే ప్రత్యేకమైన క్లినికల్ సబ్జెక్టుల్లో. కాబట్టి క్రమం తిప్పండి. ముందు మదింపు నివేదిక తెప్పించుకుని, అందులో ఏవి తక్కువని రాశారో చూసి, ఆ కోర్సులు ఎక్కడ దొరుకుతాయో వెతకండి.

పరిశోధన మీద నిజంగా ఆసక్తి ఉన్నవాళ్లకు మాత్రం ఈ ఎంఎస్ చాలా మంచి సరుకు. బీపీటీవాళ్లకు రోగిని చూసిన అనుభవం ఉంటుంది, అది అమెరికన్ సహవిద్యార్థుల దగ్గర అరుదు. థీసిస్ ఉన్న కోర్సే ఎంచుకోండి. టీచింగ్ అసిస్టెంట్‌షిప్ దొరికితే ఫీజు మాఫీతో పాటు నెలకు స్టైపెండ్ వస్తుంది, అనాటమీ ల్యాబ్ చెప్పడానికి మీకంటే తగినవాళ్లు వాళ్లకూ దొరకరు. దరఖాస్తుకు ముందే, సెప్టెంబర్, అక్టోబర్‌లలో, ప్రొఫెసర్‌కు నాలుగు వాక్యాల ఈమెయిల్ పెట్టండి. ఆయన ఇటీవలి పేపర్లలో ఏ కొలత మీద మీకు ప్రశ్న ఉందో అందులో రాయండి. "రెస్పెక్టెడ్ సర్" అంటూ సాగే పేజీన్నర ఉత్తరం చదవరు. బయోమెకానిక్స్‌లో పీహెచ్‌డీ దాకా వెళ్లాలనుకుంటే కాలిక్యులస్, లీనియర్ ఆల్జీబ్రా, మాట్‌ల్యాబ్ లేదా పైథాన్ ఇప్పుడే పట్టుకోండి. పాదం నేలను నొక్కే బలాన్ని కొలిచి సెకనుకు వెయ్యిసార్లు అంకెలు పంపే ఫోర్స్ ప్లేట్ డేటా ఎక్సెల్‌కు లొంగదు. ఇంటర్‌లో బైపీసీ తీసుకుని లెక్కలు వదిలేసినవాళ్లు ఎక్కువగా చిక్కుకునేది ఇక్కడే.

పోషకాహారం వైపు మనసుంటే విమానం ఎక్కకముందు హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థలో స్పోర్ట్స్ న్యూట్రిషన్ ఎంఎస్సీ గురించి కనుక్కోండి. ఆ డబ్బుతో పోలిస్తే అది వేరే లోకం.

ఇక అమెరికా ఎంఎస్‌కే వెళ్తున్నవాళ్లు చూడాల్సిన ఆఖరి వివరం, కోర్సు ఏ సబ్జెక్టు కిందికొస్తుందో చెప్పే ఆరంకెల సిప్ కోడ్. ఒకే పేరున్న కోర్సును ఒక యూనివర్సిటీ 26.0908 కింద, అంటే బయాలజీ కుటుంబంలోని ఎక్సర్‌సైజ్ ఫిజియాలజీగా నమోదు చేస్తుంది. ఇంకోటి 31.0505 కింద, అంటే పార్కులు, వినోదం, ఫిట్‌నెస్ కుటుంబంలో పెడుతుంది. మొదటిది స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, మ్యాథ్స్) జాబితాలో ఉంది, రెండోది లేదు. చదువయ్యాక పనిచేసేందుకిచ్చే అనుమతి, ఓపీటీ, మీద 12 నెలలు ఇద్దరికీ వస్తాయి, అదనపు 24 నెలలు అడిగే వీలు మొదటివాళ్లకే. సిలబస్ అచ్చంగా ఒకటే అయినా సరే. ఐ-20 చేతికొచ్చాక చూసి లాభం లేదు. దరఖాస్తు ఫీజు కట్టకముందే డిపార్ట్‌మెంట్‌కు ఈమెయిల్ పెట్టి, మీ కోర్సు సిప్ కోడ్ ఎంత అని అడిగి, జవాబు రాతపూర్వకంగా తెప్పించుకోండి.